ఉదయగిరివారి భాగ్యనగర ముట్టడి

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, అంటే కాలువ నీళ్లకన్నా చెరువులనూ బోర్లనూ మబ్బులనూ ఎక్కువగా నమ్ముకుని బతికే ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో పుట్టి, డిగ్రీని ఎలాగో గట్టెక్కించి, ఆపైన ఎమ్మే కోసమో పీహెచ్‌డీ కోసమో హైదరాబాదు చేరిన విద్యార్థిని ఒక ప్రత్యేక సామాజిక వర్గంగా గుర్తించడానికి తగినన్ని లక్షణాలు ఉన్నాయి. ఈ వర్గానికి వాడుకలో ఉన్న పేరు పీజీ. ఈ రెండక్షరాలకు నగరంలో రెండర్థాలు: మొదటిది పోస్ట్ గ్రాడ్యుయేషన్, అంటే డిగ్రీ పైన చదివే చదువు; రెండవది పేయింగ్ గెస్ట్, అంటే నెలనెలా డబ్బు కట్టి అతిథిగా ఉండేవాడు, లేదా అలాంటివాళ్లు ఉండే ఇల్లు. మొదటి పీజీ రెండేళ్లలో ముగుస్తుంది. రెండవ దానికి గడువంటూ లేదు, మొదటి దాని సర్టిఫికెట్ అటకెక్కిన తరువాత కూడా అది సాగుతూనే ఉంటుంది. ఇంటికొచ్చినవాడి దగ్గర అన్నానికి డబ్బు పుచ్చుకున్నారని తెలిస్తే ఊళ్లో తలెత్తుకు తిరగలేని పల్లెల నుంచి వచ్చినవాడు కనుక, సదరు విద్యార్థికి ఈ రెండవ అర్థం జీర్ణం కావడానికి కొంతకాలం పడుతుంది. అక్కడి సాంబారు జీర్ణం కావడానికి ఇంకొంచెం ఎక్కువ కాలం పడుతుంది.

ఇతడు హైదరాబాదుకే ఎందుకు వచ్చాడన్న ప్రశ్నకు సమాధానం అంత సులువు కాదు. 1953 దాకా నెల్లూరువాళ్లకు పట్నమంటే చెన్నపట్నమే. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడాదే తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలిసింది, 2008లో నెల్లూరుకే విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం వచ్చింది కాబట్టి, చదువొక్కటే కావలసిందైతే ఇంత దూరం రానవసరం లేదు. అయినా వస్తాడు, ఎందుకంటే పగలు పరిశోధన, సాయంత్రం గ్రూప్స్ కోచింగు అనే జంట సేద్యం ఇక్కడైతేనే సాగుతుందని సీనియర్లు చెప్పి ఉంటారు. చరిత్ర విద్యార్థికి మరొక చిక్కు కూడా ఉంది: తన ఊరి గుడి గోడ మీదా చెరువు తూము పక్కనా ఉన్న శాసనాలను చదవాలంటే, బట్టర్‌వర్త్, వేణుగోపాల చెట్టి కలిసి సేకరించగా 1905లో మద్రాసులో మూడు భాగాలుగా అచ్చయిన నెల్లూరు జిల్లా శాసనాల సంపుటాలను వెతికి పట్టుకోవాలి, పాత దస్తావేజులు కావాలంటే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు, అంటే ప్రభుత్వపు పాత రికార్డులను భద్రపరిచే కార్యాలయానికి వెళ్లాలి. చిన్నప్పుడు ఏ రాతి మీద కూర్చుని చద్దన్నం తిన్నాడో ఆ రాతి మీద ఏం రాసి ఉందో తెలుసుకోవడానికి రాత్రంతా బస్సులో ప్రయాణం చేయవలసిన దుస్థితి పరిశోధకుడికి తప్ప గొర్రెల కాపరికి లేదు.

ఉదయగిరి విద్యార్థి ఎంచుకునే అంశం తరచుగా ఉదయగిరి దుర్గమే. గజపతుల చేతిలో ఉన్న ఆ కోటను కృష్ణదేవరాయలు సుమారు ఏడాదిన్నర ముట్టడించి 1514లో పట్టుకున్నాడు. కోటకు మనుషులు ఒకరి వెనక ఒకరుగా మాత్రమే ఎక్కగలిగే సన్నటి దారి ఒక్కటే ఉండేదనీ, రాయలు కొండలు తొలిపించి, బండలు పగలగొట్టించి సైన్యానికి బాట వేయించవలసి వచ్చిందనీ పోర్చుగీసు గుర్రాల వర్తకుడు న్యూనిజ్ రాశాడు. ఏనుగులూ గుర్రాలూ కాల్బలమూ ఉన్న చక్రవర్తికే ఒక కొండ ఎక్కడానికి ఏడాదిన్నర పట్టినప్పుడు, ఒక బ్యాగూ ఒక బస్ పాసూ ఉన్నవాడు హైదరాబాదులో ఒక గదిని పట్టుకోవడానికి ఎంతకాలం పట్టాలన్నది త్రైరాశికంతో తేల్చదగిన లెక్క. విజయానంతరం రాయలు ఉదయగిరిలోని బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తీసుకువెళ్లి, ఆలయం కట్టించి, 1515లో ప్రతిష్ఠింపజేశాడు. ఉదయగిరి నుంచి మహానగరానికి వెళ్లి, వెళ్లీ వెళ్లగానే సొంత ఇల్లు సంపాదించుకున్న ఘనత చరిత్రలో ఆ స్వామి ఒక్కడిదే. చివరికి ఆయన విగ్రహం కూడా మద్రాసు మ్యూజియానికి చేరింది కనుక, నగరంలో స్థిరనివాసం అనే మాటను ఎవరైనా ఆచితూచి వాడడం మంచిది.

ముట్టడి చుట్టాలింటి నుంచి మొదలవుతుంది. నడికుడి–శ్రీకాళహస్తి రైలుమార్గం ఆత్మకూరు మీదుగా పోతుందని బడిలో ఉన్నప్పటి నుంచీ వింటూ పెరిగినవాడు, పామూరు, కనిగిరి మీదుగా వచ్చే రాత్రి బస్సు దిగి, తెల్లవారేసరికి కూకట్‌పల్లిలో చిన్నాయన ఇంటి తలుపు తడతాడు. వెంట ఒక బియ్యం మూట, ఒక అట్టపెట్టె ఉంటాయి. అట్టపెట్టెలో ఆవకాయ సీసా పక్కన పాత పేపరులో చుట్టిన నాలుగు చెక్క గరిటెలు తప్పనిసరి. చుట్టుపక్కల కొండల్లో దొరికే నర్ది వంటి కర్రను చెక్కి, నున్నగా అరగదీసి చేసే ఈ గరిటెలు ఉదయగిరికి భౌగోళిక సూచిక గుర్తింపును, అంటే ఫలానా వస్తువు ఫలానా చోటిదేనని చట్టం ఒప్పుకునే ముద్రను తెచ్చిపెట్టాయి. మొదటి వారం చిన్నమ్మ ఇడ్లీలు లెక్కపెట్టదు. పదో రోజున, “గది సంగతి యాడి దాకా వచ్చింది నాయనా?” అని ఎంతో ఆప్యాయంగా అడుగుతుంది. ఆ ఆప్యాయత అర్థం కానివాడు పీహెచ్‌డీకి పనికిరాడు.

అక్కడి నుంచి కదిలినవాడు నాన్‌బోర్డర్ అవుతాడు. ఉస్మానియా ప్రాంగణంలో బాగా స్థిరపడ్డ ఈ మాటకు, హాస్టల్లో సీటు లేకపోయినా సీటున్న మిత్రుడి గదిలో, అతడి మంచం కింద పెట్టె, మంచం పక్కన చాప వేసుకుని కాలం గడిపేవాడని అర్థం. వార్డెను తనిఖీకి వస్తున్నాడని కబురు అందిన రాత్రి ఇతడు లైబ్రరీలో పొద్దుపోయేదాకా చదువుతాడు. ఇతడి పరిశోధనలో నాణ్యమైన అధ్యాయాలన్నీ అలాంటి రాత్రులు రాసినవే.

సొంత గది వేట ఆ తరువాతి ఘట్టం, ఈ వర్గపు అసలు స్వరూపం బయటపడేదీ అక్కడే. సందు సందుకూ వేలాడే టులెట్ బోర్డుకు అద్దెకు ఇవ్వబడునని అర్థం చెప్పుకుంటారు గాని, దాని కింద సన్నని అక్షరాలలో ఉండే ‘ఫ్యామిలీకి మాత్రమే’ అన్నదే మూలసూత్రం, పైనున్నది అలంకారం. ఫ్యామిలీ కానివాణ్ణి బ్యాచిలర్ అంటారు. ఇంగ్లీషులో ఈ మాటకు డిగ్రీ పూర్తిచేసినవాడనీ పెళ్లికానివాడనీ రెండర్థాలున్నాయి. మాస్టర్ డిగ్రీ పట్టా చేతికొచ్చిన తరువాత కూడా ఇంటి ఓనరు దృష్టిలో బ్యాచిలర్‌గానే మిగిలిపోవడం ఉన్నత విద్యలోని ఒక వైచిత్రి. డబ్బు పేరులోనూ తికమక ఉంది: నెల్లూరులో బాడుగ అనేదాన్ని తక్కిన కోస్తావాళ్లు అద్దె అంటారు, హైదరాబాదు ఓనరు కిరాయి అంటాడు. బాడుగ ఎంతని అడిగినవాడి వైపు ఓనరు ఆటో డ్రైవరును చూసినట్టు చూస్తాడు కాబట్టి, విద్యార్థి మొదటి నెలలోనే కిరాయి అనడం నేర్చుకుంటాడు. మొత్తం మాత్రం ఏ మాండలికంలోనూ తగ్గదు.

తరువాత మౌఖిక పరీక్ష. విశ్వవిద్యాలయంలో దీన్ని వైవా అంటారు, పీహెచ్‌డీ చివర ఒక్కసారి జరుగుతుంది. గది కోసం జరిగే వైవా ప్రతి ఆదివారం పది గడపల్లో జరుగుతుంది. “ఏ ఊరు బిడ్డా?” అన్న ప్రశ్నకు ఆత్మకూరని చెప్పినవాడు, ఏ ఆత్మకూరన్న ఉపప్రశ్నకు సిద్ధంగా ఉండాలి, ఎందుకంటే వనపర్తి జిల్లాలో ఒకటి, హనుమకొండ జిల్లాలో ఒకటి, నంద్యాల జిల్లాలో ఒకటి, అనంతపురం జిల్లాలో ఒకటి ఆత్మకూర్లు ఉన్నాయి. నెల్లూరు ఆత్మకూరని తేలగానే ఓనరుకు చేపల పులుసు వాసన తగులుతుంది. సముద్రాన్ని తిరునాళ్లకు తప్ప చూడనివాడు, సంగటి తిని పెరిగిన మెట్టవాడు, జిల్లా తూర్పు అంచున ఎవరో వండిన చేపల పులుసుకు పడమటి అంచున పుట్టి శిక్ష అనుభవించడం న్యాయం కాదు. కాని కిరాయిదారు చెప్పుకునే భూగోళాన్ని ఏ ఓనరూ వినడు. ప్రవేశాల నిబంధనల ప్రకారం నెల్లూరువాడు తిరుపతి విశ్వవిద్యాలయ ప్రాంతానికి స్థానికుడు, ఉస్మానియా ప్రాంతానికి నాన్‌లోకల్, హాస్టల్లో నాన్‌బోర్డర్, ఈ గడపలో నాన్‌వెజిటేరియన్. చివరి ప్రశ్న, “చదువు ఎప్పుడైపోతది?” అన్నది. గైడు కూడా మర్యాదకు అడగడం మానేసిన ప్రశ్న అది.

పది గడపల తరువాత దొరికేది పెంట్‌హౌస్. ఇతర దేశాలలో ఆకాశహర్మ్యం కొసన కట్టిన విలాసగృహాన్ని ఈ పేరుతో పిలుస్తారట. హైదరాబాదులో మూడంతస్తుల మేడ మీద, నీళ్ల ట్యాంకు నీడలో, రేకులు కప్పిన ఒంటి గదిని పిలుస్తారు. అక్కడికి ఎక్కే ఇనుప మెట్లపై మనుషులు ఒకరి వెనక ఒకరుగా మాత్రమే పోగలరు కనుక, న్యూనిజ్ వర్ణన ఇతడికి ఇక్కడ మొదటిసారి కళ్లకు కడుతుంది. ఏప్రిల్‌లో రేకుల కింద కూర్చోవడం కుదరదు, జూలైలో రేకుల మోతకు ఫోన్ వినపడదు. ట్యాంకు పక్కనే ఉన్నందుకు ఒక ఉద్యోగం కూడా ఉచితంగా వస్తుంది. తెల్లవారుజామున నీళ్లు ట్యాంకులో పడే చప్పుడు మొదట దబదబమని, సగం నిండాక గలగలమని, అంచుకు వచ్చేసరికి గుటకలు వేసినట్టు మారుతుంది. ఈ మూడో చప్పుడుకు నిద్రలోనే లేచి, మెట్ల మలుపులో ఉన్న స్విచ్చి నొక్కి, కళ్లు తెరవకుండానే తిరిగి వచ్చి పడుకోగల నైపుణ్యం ఇతడు రెండు నెలల్లో సాధిస్తాడు. ఒక్క రోజు తప్పితే కింది నుంచి “మోటర్ బంద్ చెయ్యరాదా తమ్మీ!” అన్న కేక వస్తుంది. కిరాయి తగ్గింపు అనే ఆలోచన మాత్రం ఎవరికీ రాదు.

గది మూసాపేటలో, చదువు తార్నాకలో ఉండడం ఈ వర్గపు ఆనవాయితీ, ఎందుకంటే సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తూ కిరాయి పంచుకోగల ఊరివాళ్లంతా అటు వైపే ఉంటారు. 2003లో మొదలైన ఎంఎంటీఎస్, అంటే నగరంలోనే తిరిగే లోకల్ రైలు, ఉస్మానియా ప్రాంగణం అంచున జామై ఉస్మానియా స్టేషనులో ఆగుతుంది. ఛార్జీ చవక, వచ్చే వేళలు మాత్రం మెట్టలో వాన లాంటివి. 2017 నవంబరులో వచ్చిన మెట్రో కచ్చితంగా వస్తుంది, అంతే కచ్చితంగా జేబు ఖాళీ చేస్తుంది. అమీర్‌పేటలో ఒక రైలు దిగి మెట్లెక్కి మరొక రైలు పట్టుకుని తార్నాకలో దిగినా, అక్కడి నుంచి 1939 నాటి ఆర్ట్స్ కాలేజీ రాతి భవనం దాకా మళ్లీ నడకే. ఆత్మకూరు నుంచి నెల్లూరు వరకు ఉన్న యాభై పైచిలుకు కిలోమీటర్లను ఊరిబస్సు దాటించే సమయంలో, నగరపు బస్సు సాయంత్రం వేళ అందులో సగం దూరం కూడా దాటించదు. ఊళ్లో ఉన్నప్పుడు బస్సు కోసం ఎదురుచూసేవాడు, ఇక్కడ బస్సులోనే కూర్చుని ఎదురుచూస్తాడు, తేడా అంతే. పాసు ఉంది కాబట్టి ఎక్కడం మానడు. ఇంత చేసి ఆర్కైవ్స్ చేరేసరికి ఫైలు తెచ్చే ఉద్యోగి భోజనానికి వెళ్లి ఉంటాడు.

విద్యార్థిని స్థితి కొంత వేరు. ఆమెకు ఓనర్లు త్వరగా గది ఇస్తారు, దానితోపాటు గేటు వేళలూ ఇస్తారు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం అమలులో ఉన్నా, అది ఆ రాష్ట్ర నివాసులకే. నెల్లూరు జిల్లా ఆధార్ చూపించిన ఉదయగిరి అమ్మాయి, పక్కన కూర్చున్న స్నేహితురాలికి సున్నా టికెట్టు కొట్టి తన వైపు చెయ్యి చాపే కండక్టరుకు చిల్లర వెతుక్కోవాలి. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోనూ ఉచితం వచ్చింది కనుక, ఊరికి వెళ్లినప్పుడు ఉదయగిరి నుంచి నెల్లూరుకు వంద కిలోమీటర్లు పైసా లేకుండా పోతుంది. రోజూ పోవలసిన ఐదు కిలోమీటర్లకు డబ్బు కడుతుంది.

నాలుగో ఏడు వచ్చేసరికి ఇతడు అన్న అవుతాడు. ఉదయగిరిలో ఏ పిలకాయ పీజీ సీటు తెచ్చుకున్నా మొదటి ఫోన్ ఇతడికే వస్తుంది. ఏ సందులో మంజీరా నీళ్లు వస్తాయో, ఏ మెస్సులో ఆదివారం కోడికూర వేస్తారో, ఏ ఓనరు అడ్వాన్సును, అంటే ముందుగా కట్టించుకునే హామీ సొమ్మును, ఎంతమేరకు తిరిగిస్తాడో తడుముకోకుండా చెబుతాడు. కృష్ణదేవరాయల ముట్టడి మీద ఇతడి అధ్యాయం ఇంకా బాట వేసే దశలోనే ఉంటుంది. గదుల మీద సంపాదించిన పాండిత్యానికి డాక్టరేటు ఇచ్చే నిబంధన ఏ విశ్వవిద్యాలయంలోనూ లేకపోవడం వల్ల ఇద్దరు ముగ్గురు నిజమైన విద్వాంసులకు అన్యాయం జరిగిందని చెప్పక తప్పదు.

ఖాళీ చేసే రోజున ఓనరు గోడలకు రంగు వేయించాలంటూ ఒక నెల కిరాయి పట్టుకుని మిగిలింది చేతిలో పెడతాడు. మేకు కూడా కొట్టనివ్వని గోడకు రంగు ఎలా పాడయిందని విద్యార్థి అడగడు, ఎందుకంటే వెనక రాబోయే తమ్ముడికి అదే గది కావాలి. వచ్చిన కొత్తలో ఓనరు ఆంటీకి కానుకగా ఇచ్చిన గరిటెలు మాత్రం కింద వంటింట్లో, స్టవ్ పక్క స్టీలు గ్లాసులో, కొసలు పసుపెక్కి నిలబడి ఉంటాయి. వాటిని ఎవరూ తిరిగి అడగరు. మేడ మీద గదులున్న పాఠకులకు ఒక్క మనవి: ఉదయగిరి గరిటెను రాత్రంతా నీళ్లలో నానబెట్టకండి, కడిగిన వెంటనే తుడిచి ఆరబెట్టండి, నానితే చెక్క పగులుతుంది.