కింద ఉన్నదాని గొంతు: ఒక నోట్ బ్లాక్ ఆత్మకథ

వీడియో గేముల్లో కొన్ని తమ రంగస్థలాన్ని ముందే సిద్ధం చేసి ఆటగాడి ముందు పెడితే, మరికొన్ని మట్టి, రాయి, నీరు, చెక్క వంటి సామగ్రిని మాత్రమే ఇచ్చి ఆ రంగస్థలాన్ని కట్టుకునే పనిని అతనికే వదిలేస్తాయి. ఈ రెండో తరగతి ఆటల్లో ధ్వనిని కూడా ఇటుకలాగే పేర్చుకునేందుకు కల్పించిన వస్తువులు కొన్ని ఉన్నాయి. వాటిలో మైన్‌క్రాఫ్ట్ ఆటకు చెందిన నోట్ బ్లాక్, అంటే తట్టితే ఒక్క స్వరం మాత్రమే పలికే చెక్క దిమ్మె, బాగా పేరున్నది. ఇక్కడ చెప్పబోయేది నిజామాబాదు జిల్లా ధర్పల్లిలో ఒక చేతి ఫోనులో కట్టిన లోకంలో నిలబడి ఉన్న అటువంటి దిమ్మె ఆత్మకథ. ఆత్మకథను ఉత్తమ పురుషలో చెప్పుకోవడం ఆచారమే అయినా ఆ హక్కు తన గొంతు తనకున్నవారిది. కింద ఏ వస్తువు ఉంటే దాని గొంతుతో పలికే ఈ దిమ్మెకు ప్రథమ పురుషే మర్యాదగా ఉంటుంది.

స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో మార్కస్ పెర్సన్ రూపొందించి 2009 మే నెలలో బయటపెట్టిన మైన్‌క్రాఫ్ట్ ఆటలోకి ఈ జాతి దిమ్మెలు 2011 జనవరి 13న, బీటా 1.2 అనే కూర్పుతో వచ్చాయి. ఎనిమిది చెక్క పలకల నడుమ చిటికెడు రెడ్‌స్టోన్ పొడి పెడితే ఒక దిమ్మె తయారవుతుంది. రెడ్‌స్టోన్ అనేది ఆ లోకంలో కరెంటు చేసే పనిని చేసే ఎర్రని ఖనిజం, దాని పొడిని నేల మీద గీతలా పరిస్తే అదే తీగ అవుతుంది. అంతకు ముందు నుంచీ ఆటలో ఉన్న జ్యూక్‌బాక్స్ అనే పెట్టెకూ అవే ఎనిమిది పలకలు కావాలి గాని, దాని గర్భంలో పెట్టవలసినది వజ్రం. ఎవరో కూర్చిన పాటల రికార్డులను వినిపించే పెట్టెకు వజ్రమూ, పాటను సొంతంగా కట్టుకునే దిమ్మెకు ఎర్ర పొడీ చాలునన్న ఈ లెక్కలో తయారుచేసినవారి ఉద్దేశం ఏదైనా, దిమ్మెల జాతి మాత్రం దానిని చిన్నచూపుగా ఎన్నడూ తీసుకోలేదు. ఇంగ్లండులోని గిల్డ్‌ఫర్డ్‌లో పనిచేసే మీడియా మాలిక్యూల్ సంస్థ తన లిటిల్ బిగ్ ప్లానెట్ 2 ఆటలో మ్యూజిక్ సీక్వెన్సర్‌ను, అంటే గళ్ల మీద స్వరాలను అమర్చే పలకను, ఆటగాళ్లకు అందించింది కూడా అదే 2011 జనవరిలో.

వంశవృక్షాన్ని ఇంకొంచెం పైకి వెదికితే 1988లో జపానులో వెలువడిన సూపర్ మారియో బ్రదర్స్ 3 ఆటలో స్వర చిహ్నం అచ్చైన తెల్ల దిమ్మె కనిపిస్తుంది. అయితే దాని పని పాడటం కాదు, మీదికెక్కిన మారియోను పైకి ఎగరేయడం. ఆటగాళ్లే దశలను కట్టుకునేందుకు నింటెండో 2015 సెప్టెంబరులో తెచ్చిన సూపర్ మారియో మేకర్‌లో ఆ దిమ్మెకు ఆలస్యంగా గొంతు వచ్చింది: దానిని ఎంత ఎత్తున పెడితే స్వరం అంత హెచ్చుతుంది, దాని మీద పడిన జీవి ఏదైతే వాద్యం దానికి తగినట్టు మారుతుంది. అక్కడ వాద్యం పైనుంచి పడుతుంటే, ధర్పల్లి దిమ్మె జాతికి వాద్యం కింది నుంచి వస్తుంది. దాయాదుల మధ్య తేడా అంతే గాని అది చిన్న తేడా కాదు.

దిమ్మె కింద మామూలు మట్టి ఉంటే వీణకూ పియానోకూ నడిమి నాదం ఒకటి వస్తుంది. చెక్క ఉంటే మంద్రమైన తీగ వాద్యం, రాయి ఉంటే పెద్ద ఢంకా, ఇసుక ఉంటే గరగరలాడే చిన్న డోలు, గాజు ఉంటే పుల్లతో పుల్లను కొట్టిన టక్కు పలుకుతాయి. పుట్టుకతో వచ్చిన గొంతులు ఈ ఐదే. కంప్యూటర్ల కూర్పులో 2017లో మరో ఐదు చేరాయి: బంకమన్నుకు పిల్లనగ్రోవి, బంగారానికి గంట, ఉన్నికి గిటారు, గట్టి మంచుకు చిరుగంటలు, ఎముక దిమ్మెకు జైలోఫోన్. 2019లో ఇంకో ఆరు వచ్చి మొత్తం పదహారయ్యాయి. వాటిలో గుమ్మడికాయకు ఆస్ట్రేలియా ఆదివాసుల డిజరీడూ, గడ్డికట్టకు బ్యాంజో దక్కాయి. ఈ కొత్త గొంతులు ఫోన్లకు ఆ తర్వాత అందాయి. గడ్డికట్ట బ్యాంజో విషయంలో ఒక చిన్న మోసం ఉంది: మన వైపు బ్యాంజో అనగానే గుర్తొచ్చేది మీటలున్న బుల్‌బుల్ తరంగ్ కాగా, ఆటలో పలికేది అమెరికా పల్లెల గుండ్రటి బ్యాంజో.

మెత్తటి బంకమన్ను పిల్లనగ్రోవి ఎందుకవుతుందో, గుమ్మడికాయ ఎందుకు బుసకొడుతుందో శాస్త్రంలో జవాబు ఉన్నా లేకపోయినా, వాద్యం గొంతు దాని పదార్థంలో ఉంటుందన్న సంగతి ధర్పల్లి ఊళ్లకు కొత్తది కాదు. డప్పు కొట్టేవారు చెక్క వలయానికి బిగించిన తోలును ముందుగా మంట దగ్గర కాచుతారు. ఆ వేడికి తోలు బిగిసిన తర్వాతనే చిర్ర, సిటికెన పుల్ల అనే రెండు కర్రలకూ పని పడుతుంది, తేమ పట్టిన తోలు మీద ఎంత చేయి తిరిగినవాడు కొట్టినా చప్పుడే గాని దరువు రాదు. చిరుతల రామాయణం ఆడేవారి చేతిలోని చిరుతలు కూడా కట్టె జాతిని బట్టి మోగుతాయి. నోట్ బ్లాక్‌కు కాచుకునే మంట లేదు, తేమ పట్టదు, కాని దానికీ ఒక షరతు ఉంది: స్వరం పలకాలంటే నెత్తి మీద గాలి తప్ప మరేదీ ఉండకూడదు, దిమ్మె మీద దిమ్మె పెడితే కిందిది మూగబోతుంది. ఇల్లు కట్టేటప్పుడు ఇటుక మీద ఇటుక పేర్చే అలవాటున్న చేతులు ఈ నియమాన్ని తెలుసుకోవడానికి చాలా సమయమే తీసుకుంటాయి.

స్వరం నిర్ణయమయ్యే తీరు దీనికి భిన్నమైనది. దిమ్మెను ఒకసారి తట్టితే స్వరం అర మెట్టు పెరుగుతుంది, ఇరవై నాలుగు తట్లకు రెండు స్థాయిలు నిండుతాయి, ఇరవై ఐదో తట్టుతో మళ్లీ మొదటికి వస్తుంది. కిందికి దించే తట్టు అనేది లేదు. మామూలు గొంతుకు ఆ మొదటి స్వరం పాశ్చాత్యుల ఎఫ్ షార్ప్, మన హార్మోనియం లెక్కలో నాలుగున్నర శ్రుతి. దానినే షడ్జమంగా తీసుకుంటే 0, 2, 4, 7, 9, 12 తట్ల దగ్గర ఆరు దిమ్మెలు నిలిపితే మోహన రాగపు ఆరోహణ తయారవుతుంది. 0, 1, 4, 5, 7, 8, 11, 12 దగ్గర ఎనిమిది నిలిపితే సరళీ స్వరాలు నేర్పే మాయామాళవగౌళ వస్తుంది. అయితే ఇంతకంటే తెలివైన పద్ధతి ఒకటి ఉంది: అయిదో తట్టును షడ్జమంగా పెట్టుకుంటే సున్నా తట్టు మంద్ర పంచమమూ, ఇరవై నాలుగో తట్టు తార పంచమమూ అవుతాయి, అంటే సంగీత విద్యార్థి గొంతు సాధించవలసిన పరిధి ఒక మెట్టు మిగలకుండా, ఒక మెట్టు తగ్గకుండా ఈ చెక్కపెట్టెలో ఇముడుతుంది. అప్పుడు శ్రుతి ఏడు అవుతుంది కనుక ఆడవారికీ కొంచెం ఎత్తే; కింద ఉన్ని పెట్టి గిటారు గొంతు తెచ్చుకుంటే ఒక స్థాయి దిగి, మగవారి ఒకటి శ్రుతికి అర మెట్టు తక్కువలో నిలుస్తుంది. స్వీడన్‌లో దిమ్మెను తయారుచేసినవారు పంచమాల గురించి ఆలోచించి ఉంటారనుకోవడానికి ఆధారం లేదు. అది కాకతాళీయం, కాని పనికొచ్చే కాకతాళీయం.

దిమ్మె పనికిరానిది ఎక్కడంటే గమకం దగ్గర. ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారడం, స్వరాన్ని ఊపడం, నొక్కడం వంటి అలంకారాలే గమకాలు కాగా, ఈ దిమ్మె ఒక మెట్టు మీద పుట్టి ఆ మెట్టు మీదే ఆరిపోతుంది. మెల్లగా కొట్టినా గట్టిగా కొట్టినా శబ్దం ఒకే మోతాదులో వస్తుంది. గమకం పలకదన్న ఇదే నేరం మోపి 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని తన స్టూడియోల నుంచి వెలివేసింది, ఆ వెలి 1971 దాకా సడలలేదు. ఆ ముప్పై ఏళ్లూ భజన మండళ్లు మాత్రం హార్మోనియాన్ని పక్కకు పెట్టలేదు గనుక, నోట్ బ్లాక్ కూడా ఆ పెద్దన్న దారినే నమ్ముకుంటుంది.

ఫోన్ల మీద ఆడే పాకెట్ ఎడిషన్‌లోకి ఈ జాతి 2015 నవంబరులో, రెడ్‌స్టోన్‌తో పాటు అడుగుపెట్టింది. నిజామాబాదుకు పడమట ఉన్న బోధన్‌లో 1937లో స్థాపితమైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ మూతపడింది ఆ తర్వాతి నెలలోనే. ఈ రెండు సంగతులకూ ఏ సంబంధమూ లేదు, తేదీలు పక్కపక్కన పడ్డాయి, అంతే. ఫోన్లలోని దిమ్మెలకు ఆ చలికాలం ఒక వింత కాలం, ఎందుకంటే స్వరం వచ్చింది గాని కాలం రాలేదు: కరెంటును కొంతసేపు ఆపి వదిలే రిపీటర్ అనే పలక ఫోన్ల కూర్పుకు 2016 ఫిబ్రవరిలో గాని అందలేదు. అప్పటిదాకా రెడ్‌స్టోన్ గీత మీద ఉన్న దిమ్మెలన్నీ ఒక్కసారిగా మోగేవి. తేలిగ్గా వరుసలో వినాలంటే ఆటగాడే ఒక్కొక్కదాన్నీ విడిగా మోగించుకుంటూ నడవాలి.

రిపీటర్ వచ్చాక తాళం వచ్చింది, దానితో పాటు దాని పిసినారితనమూ బయటపడింది. రిపీటర్ సెకనులో పదో వంతును ఒక కొలతగా పెట్టుకుని ఒకటి నుంచి నాలుగు కొలతల వరకే ఆపగలదు, ఆ పదో వంతును ఇంకా చీల్చడం దాని వల్ల కాదు. తాళంలోని ఒక్కో అక్షరాన్ని నాలుగు భాగాలు చేస్తే చతురశ్ర నడక, మూడు చేస్తే తిశ్ర నడక అంటారు. అక్షరానికి నాలుగు కొలతలిస్తే చతురశ్రం హాయిగా నడుస్తుంది, కాని అదే పాటలో తిశ్రం కావాలంటే నాలుగును మూడుతో భాగించలేక ఆగిపోతుంది. రెండూ కావాలనుకున్నప్పుడు అక్షరానికి పన్నెండు కొలతలు, అంటే 1.2 సెకన్లు ఇచ్చి, చతురశ్రానికి మూడేసి, తిశ్రానికి నాలుగేసి కొలతల చొప్పున రిపీటర్లను తిప్పుకోవాలి. అప్పుడు ఎనిమిది అక్షరాల ఆది తాళం ఒక ఆవర్తనం 9.6 సెకన్లు పట్టి, పాట విలంబంగా ఈడ్చుకుంటూ నడుస్తుంది. మూడూ నాలుగూ కలిసిన మిశ్ర చాపుకు మాత్రం ఈ చిక్కు లేదు, ఏడు కొలతలు ఏడు రిపీటర్లలో దర్జాగా కూర్చుంటాయి.

కాలాన్ని ఇలా నేల మీద పరచడం వల్ల పాటకు పొడవు వస్తుంది, అది మాటవరసకు అనే పొడవు కాదు. ఒక రిపీటర్, ఒక దిమ్మె కలిసి ఒక మెట్టు అనుకుని, మెట్టుకు నాలుగు కొలతలు వేసుకుంటే మూడు నిమిషాల పాటకు 450 మెట్లు, 900 దిమ్మెల దూరం కావాలి. ఆ లోకంలో ఒక దిమ్మె ఒక మీటరు గనుక పాట దాదాపు కిలోమీటరు రోడ్డు అవుతుంది. దిమ్మె శబ్దం 48 దిమ్మెల దూరం వరకే వినిపిస్తుంది కాబట్టి మొదటి దిమ్మె దగ్గర కూర్చున్న శ్రోతకు పది సెకన్ల లోపే పాట చెవి దాటిపోతుంది. దాని వెంట నడిచినా లాభం లేదు, ఎందుకంటే పాట సెకనుకు ఐదు మీటర్లు పోతుంటే ఆటగాడి నడక నాలుగు మీటర్ల పైచిలుకే, కనుక పరుగెత్తాలి. ఊళ్లో సంగతి దీనికి పూర్తిగా తిరగేసింది: తంగేడు, గునుగు పూలతో పేర్చిన బతుకమ్మ నడుమ ఉంటుంది, చప్పట్లు కొడుతూ ఆడవారు చుట్టూ తిరుగుతారు, పాట ఎక్కడికీ పోదు. ధర్పల్లి ఫోనులోని లోకం కట్టిన చేయి ఈ తేడాను కనిపెట్టి, పొడవైన వరుసను వదిలేసి, రిపీటర్ల కొసను మొదటికి కలిపి గుండ్రంగా కట్టింది. అలా కలిపిన వలయంలో కరెంటు ఒకసారి బయలుదేరితే తెంచేవరకూ తిరుగుతూనే ఉంటుంది, మధ్యలో నిలబడిన శ్రోతకు ప్రతి దిమ్మె దాదాపు సమాన దూరంలో పలుకుతుంది.

ఈ కథ చెబుతున్న దిమ్మె ఆ వలయంలోనిది కాదు, చెరుకు మడి గట్టు మీదిది. ధర్పల్లి మండలంలోని రామడుగు ప్రాజెక్టును గుర్తుచేసేలా కట్టిన ఒక చెరువు అంచున ఆ లోకంలో చెరుకు ఉంది. మైన్‌క్రాఫ్ట్ చెరుకు నీటిని ఆనుకున్న నేల మీదే మొలిచి మూడు దిమ్మెల ఎత్తుకు పెరుగుతుంది. మూడో కణుపు వచ్చే చోటును చూస్తూ ఆబ్జర్వర్ అనే పెట్టె ఉంటుంది, అది తన ముందు ఏ మార్పు జరిగినా వెనుక నుంచి కరెంటు వదులుతుంది. ఆ కరెంటుకు పిస్టన్ అనే తోసే దిమ్మె ముందుకు దూకి చెరుకును నరుకుతుంది, అదే కరెంటు గట్టు మీద బంగారం దిమ్మెలపై నిలిపిన రెండు నోట్ బ్లాకులను వెంటవెంటనే మోగిస్తుంది. కోత అయిందని చెప్పే గంటలు అవి, బోధన్ చక్కెర మిల్లు వంటి ఏర్పాటు అన్నమాట, కాకపోతే ఇక్కడ కూలీలు లేరు, ఎడ్లబండ్లూ లేవు. ఫోను పక్కన పెట్టినప్పుడు ఆ లోకంలో కాలమే ఆగుతుంది కనుక చెరుకు పెరగదు, గంటా మోగదు; తెరిచినప్పుడు మళ్లీ ఆగిన చోటి నుంచే పెరుగుతుంది.

అయిదో తట్టు షడ్జమం అన్న లెక్కలోనే ఆ రెండు గంటలనూ అమర్చారు. మొదటిది అయిదు తట్ల దగ్గర నిలిచి షడ్జమం పలుకుతుంది. రెండోది, అంటే ఈ దిమ్మె, పన్నెండు దగ్గర నిలిచి పంచమం పలకవలసింది. షడ్జమ పంచమాలను అచల స్వరాలంటారు, మిగిలిన స్వరాలకున్న హెచ్చుతగ్గు భేదాలు వాటికి లేవు. తెర మీద వేలు ఒక తట్టు ఎక్కువ తట్టడంతో ఈ దిమ్మె పదమూడు దగ్గర, శుద్ధ ధైవతంలో నిలిచిపోయి, చెరుకు తెగినప్పుడల్లా పంచమం రావలసిన చోట దానినే పలుకుతోంది. ఆ అర మెట్టు దిగాలంటే ఇంకా ఇరవై నాలుగు తట్లు తట్టాలి.