ఆదివారాల ఉయ్యాల

మూసాపేటలో మా ఎదురింటి సారు రిటైరైన కామర్స్ లెక్చరర్. 2017 నవంబరులో మెట్రో మొదలైనప్పటి నుంచి ఆయనకి వేరే గడియారం అక్కర్లేకపోయింది. హాల్లో టేకు ఉయ్యాల మీద కూర్చుని మియాపూర్ వైపు పోయే రైళ్లు లెక్కపెడుతుంటారు. ఎవరైనా ఇంటికొస్తే ముందు ఉయ్యాల కథ, తరవాతే కాఫీ.

"ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఆదివారం కూడా ఇంటి పట్టున లేనయ్యా. ఆ ఆదివారాల డబ్బు సంసారంలో కలిసిపోకుండా విడిగా దాచి కొన్నాను దీన్ని" అని ఇత్తడి గొలుసు నిమురుతారు.

రెండో కథ మిర్చి బజ్జీల బండిది. డెబిట్, క్రెడిట్ బుర్రకెక్కని పిల్లలకి ఆయన క్లాసులో బండి పెట్టించేవారట. కిరాణా కొట్టులో శనగపిండి అరువు తెచ్చావు, ఏ ఖాతా? రాత్రి మిగిలిన బజ్జీలు పొట్లం కట్టి ఇంటికి పట్టుకెళ్లావు, ఏ ఖాతా? "సొంతవాడకాలు! నీ బండే అయినా నీ బజ్జీ నువ్వు ఊరికే తినకూడదు, లెక్క రాయాలి." బాటనీ చదివిన నాకే పద్దులు అర్థమైపోయాయి. గొప్ప మాస్టారు. ఆ మాట ఇప్పటికీ అంటాను.

వాళ్లమ్మాయికి సంబంధం నేనే తెచ్చాను. కుర్రాడు మా ఆఫీసులోనే అకౌంట్స్ చూస్తాడు. అమీర్‌పేటలో రైలు మారి రాయదుర్గం దాకా రోజూ ఇద్దరం కలిసే వెళ్తాం. నెలాఖరున జీఎస్టీ లెక్కలు తేలకపోతే మా మేనేజరు కూడా అతని కుర్చీ వెనకే వచ్చి నిలబడతాడు. కులం కలిసింది, జాతకాలు కలిశాయి. జీతం, అడిగినదానికన్నా రెండు మెట్లు పైనే కలిసింది. బయోడేటాలో చదువు దగ్గర "బీకాం" అని ఉంది. ఏ బీకామో లేదు. రాస్తానని అతనన్నాడు, వద్దన్నది నేనే. మనిషిని చూశాక కాగితం ఎవరడుగుతారులే అనుకున్నాను.

శ్రావణమాసంలో ఒక ఆదివారం పెళ్లిచూపులు. కుర్రాడు గుమ్మం దాటగానే వంగి సారు కాళ్లకి దణ్ణం పెట్టి "బాగున్నారా సార్" అన్నాడు. "ఈ రోజుల్లో ఇంత వినయమా!" అని సారు నా వైపు చూసి మురిసిపోయారు. ఉయ్యాల కథ మొదలైంది. కుర్రాడు గొలుసు వంక, పలక వంక చూస్తూ శ్రద్ధగా విన్నాడు. రెండో కథ దాకా వెళ్లేలోపే లోపలినుంచి మైసూరుపాకు, కారప్పూస వచ్చాయి. అమ్మాయి వచ్చి కూర్చుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్న తీరుకి నా మధ్యవర్తిత్వం ఫలించినట్టే అనిపించింది.

"డిగ్రీ ఎక్కడ చేశావు బాబూ?"

"ఇంటర్ అయ్యాక నాన్నగారికి పక్షవాతం వచ్చిందండీ. పగలు బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో బిల్లులు రాసేవాణ్ణి. ఓపెన్‌లో చేశాను."

"ఓపెనా?"

హైదరాబాదులో ఈ మాటని ఒక రకంగా సాగదీసి అంటారు. ఇంట్లో ఎవరికో అంటురోగం ఉందని తెలిసినట్టు ఉంటుంది ఆ సాగదీత. సారు గొంతులో అచ్చం అదే పలికింది. ఉయ్యాల ఆగింది.

నేను అడ్డుపడ్డాను. దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ మనదేనండీ, 1982లో పెట్టారు, 1991లో అంబేద్కర్ పేరు పెట్టుకున్నారు అన్నాను. ఇంటర్ గడప తొక్కనివాళ్లకి కూడా అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలోకి దారిచ్చిన చోటు అన్నాను. దాని మొదటి వైస్ ఛాన్సలర్ రాంరెడ్డి గారినే 1985లో ఢిల్లీవాళ్లు ఇగ్నోకి మొదటి వైస్ ఛాన్సలర్‌గా తీసుకెళ్లారని కూడా చెప్పాను. ఆఖరికి, గుర్తింపున్న దూరవిద్య డిగ్రీ కూడా రెగ్యులర్ డిగ్రీతో సమానమేనని యూజీసీ 2022లో మరోసారి ప్రకటించిందన్నాను.

"యూజీసీ వచ్చి పీటల మీద కూర్చుంటుందా?" అన్నారు సారు.

దానికి నా దగ్గర జవాబు లేదు.

"కుర్రాడు మంచివాడే, కాదనను. కానీ నలుగురూ అల్లుడేం చదివాడని అడిగితే ఏం చెప్పమంటారు? పుస్తకాలు ఇంటికిచ్చి పంపిస్తారు. ఆదివారం పూట ఎవడో ఒకడు వచ్చి రెండు గంటలు బోర్డు మీద గీకి పోతాడు. దాన్నీ చదువే అంటామా? నేను ఈ వృత్తిలో తలపండినవాణ్ణి, నాకా చెబుతారు! అదంతా మొక్కుబడి. ఆ సంగతి చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు."

అమ్మాయి తల వంచుకుంది. వాళ్లమ్మగారు ఖాళీ పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయారు. ఇంకెందుకని నేను చెప్పుల కోసం చూస్తున్నాను.

కుర్రాడు కాఫీ గ్లాసు చప్పుడు కాకుండా టీపాయ్ మీద పెట్టి లేచాడు. వచ్చినప్పుడు పెట్టినట్టే మళ్లీ వంగి దణ్ణం పెట్టాడు.

"చెప్పేవాళ్ల సంగతి నాకు తెలియదు సార్. వినే మాకు మాత్రం అది మొక్కుబడని తెలియదు. మీరు చెప్పిన బజ్జీల బండి నిజం పాఠమే అనుకుని రాసుకున్నాం."