మానిటరు మీది చీటీకి టీకా తాత్పర్యం

అవతారిక: లక్కూరు, కోలారు జిల్లా మాలూరు తాలూకాలో హోబళి కేంద్రం. అక్కడ ఒకానొక డీటీపీ అంగడిలో, మిగిలిపోయిన శుభలేఖ వెనుక బాల్‌పెన్నుతో రాసి మానిటరుకు అంటించిన చీటీయే ఈ గ్రంథం. కర్త అంగడి యజమాని. విషయం ఒకే కంప్యూటరులో రెండు విండోసులు. అధికారి పనికి కొత్తగా చేరిన కుర్రవాడు. యజమాని భోజనానికి వెళ్లినప్పుడు ఏదీ చెడకుండా ఉండడం ప్రయోజనం.

మూలం:

పాత విండోస్ లోపలుంది, కదపొద్దు.
దానికి ర్యామ్ ఒక జీబీ చాలు.
ఎలుక చిక్కితే కుడి కంట్రోల్.
పనికి ముందు స్నాప్‌షాట్. నెట్ వద్దు.

ప్రతిపదార్థం: పాత విండోస్ = 2001లో పుట్టి, 2014 ఏప్రిల్ 8న మైక్రోసాఫ్ట్ పోషణ కోల్పోయిన ఎక్స్‌పీ; లోపల = విండోస్ 10 మీద తెరిచిన వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రాములో; ఉంది = తనకో సొంత కంప్యూటరు ఉందనుకుంటూ నడుస్తోంది; ఎలుక = మౌసు బాణం; చిక్కితే = లోపలి తెర దాటి రానని మొరాయిస్తే; కుడి కంట్రోల్ = కీబోర్డులో కుడిచేతి వైపు కంట్రోల్ మీటను; 'నొక్కుము' అని అధ్యాహారం. ఎడమ కంట్రోల్ ఎంత నొక్కినా ఎలుక రాదు. బయటి విండోస్ 10కు కూడా 2025 అక్టోబరు 14న పోషణ ఆగింది గనుక 'పాత' అనే విశేషణం రెంటికీ చెల్లుతుందని నవ్యులు. యజమాని వారితో మాట్లాడడం లేదు.

టీక: ఎక్స్‌పీని ఇంకా ఎందుకు మేపుతున్నారు? పుటలు కూర్చే పేజ్‌మేకర్ 7 కోసం, దానితో జతకట్టి తెలుగు కొట్టించే పాత అను స్క్రిప్ట్ మేనేజర్ కోసం, కన్నడ ఆహ్వానపత్రికలకు నుడి కోసం. యూనికోడ్ వాడుకలోకి రాకముందటి పద్ధతిలో వాటితో కూర్చిన ఫైళ్లలో తెలుగక్షరాలు ఇంగ్లిషు అక్షరాల సంకేతాల్లో తలదాచుకున్నాయి. ఫాంటు లేనిచోట తెరిస్తే వధూవరుల పేర్లు కామాలు, బ్రాకెట్లు, డాలరు గుర్తులుగా దర్శనమిస్తాయి. వాట్సాప్‌లో వచ్చే పేర్లేమో యూనికోడ్. అవి పేజ్‌మేకర్‌లో నేరుగా అతకవు. కన్వర్టరులో వేయాలి, లేదా మళ్లీ కొట్టాలి. ఇంట్లో తెలుగు, తాలూకాఫీసులో కన్నడ, కేజీఎఫ్‌లో తమిళం మాట్లాడే కోలారు జిల్లావాడికి ఈ సంసారం కొత్త కాదు.

'ఉంది' అనే క్రియ మీద పూర్వాచార్యులు చాలా చర్చించారు. ఒక పెద్ద యంత్రాన్ని పలువురికి పంచి, ఎవరికి వారికి సొంత యంత్రమన్న భ్రమ కల్పించడం ఐబీఎం వారు 1967 నాటికే సీపీ-40తో సాధించారు. ఈ భ్రమకు లక్షణం చెప్పినవారు పోపెక్, గోల్డ్‌బర్గ్ (1974): లోపలి ప్రోగ్రాము అసలు యంత్రం మీద నడిచినట్టే నడవాలి, వనరుల పెత్తనం పైవాడి (అంటే యంత్రాన్ని పంచిపెట్టే ప్రోగ్రాము) చేతిలోనే ఉండాలి, అత్యధిక ఆజ్ఞలను ప్రాసెసరే నేరుగా నడపాలి. ఇంట్లో వాడే ఇంటెల్ జాతి ప్రాసెసర్లకు ఈ లక్షణం పట్టలేదు. పెంటియంలో 17 ఆజ్ఞలు పేచీ పెట్టాయి. వాటిలో పాప్‌ఎఫ్ అనేదాన్ని అధికారం లేనివాడు వాడితే అది మొర పెట్టదు, తప్పనీ అనదు. మార్చకూడని భాగాన్ని చడీచప్పుడూ లేకుండా వదిలేస్తుంది. మొర వినబడనిదే పైవాడు కలగజేసుకునేదెలా? 1999లో వీఎంవేర్ వారు అలాంటి ఆజ్ఞలను నడుస్తుండగానే తిరగరాసి గట్టెక్కారు. 2005 నుంచి ఇంటెల్ ఇందుకు కావలసిన వసతిని ప్రాసెసర్‌లోనే పెట్టింది. బయోస్‌లో దాన్ని ఆపేసి ఉంచితే మాత్రం నేటి వర్చువల్‌బాక్స్ లోపలి యంత్రాన్ని లేవనివ్వదు.

పాఠాంతరం: అంతకుముందటి చీటీలో 'ర్యామ్ సగం ఇవ్వు' అని ఉంది. అది గ్రాహ్యం కాదు. పుట్టినప్పుడు ఎక్స్‌పీకి 128 ఎంబీ ఉంటే మంచిదన్నారు, అంతే. అంగడి కంప్యూటరుకున్న ఎనిమిదిలో నాలుగు జీబీలు దానికి ధారపోస్తే బయట క్రోమ్, వాట్సాప్ నత్తనడక నడుస్తాయి.

శంక: "అన్నా, రెండు విండోసులూ పక్కపక్కన వేసి, ఆన్ చేసేటప్పుడు ఏది కావాలో ఎంచుకుంటే పోదా?"

సమాధానం: అప్పుడు ఒకటి లేస్తే ఇంకొకటి పడుకుంటుంది. గిరాకీ వాట్సాప్‌లో పంపిన పేరు చూడాలంటే ఎక్స్‌పీని ఆపాలి, దిద్దాలంటే మళ్లీ లేపాలి. ఈలోగా గిరాకీ పక్క అంగడికి పోతాడు. ఇక్కడైతే ప్రూఫు షేర్డ్ ఫోల్డరు గుండా క్షణంలో బయటికొస్తుంది.

శంక: "ఎవరో అమ్మేసే పాత కంప్యూటరు కొంటే?"

సమాధానం: దాని హార్డ్‌డిస్కు పోయిన రోజున ఎక్స్‌పీ కూడా పోతుంది. ఇక్కడ ఎక్స్‌పీ సమస్తమూ, స్నాప్‌షాట్లతో సహా, ఒక్క ఫోల్డరు. పెన్‌డ్రైవులో కాపీ చేసి ఇంకో యంత్రంలో లేపుకోవచ్చు. స్నాప్‌షాట్ ఆ కాపీకి బదులు కాదు: అదీ అదే డిస్కు మీద ఉంటుంది గనుక డిస్కుతోనే పోతుంది. కుర్రవాడు ఏదైనా చెడగొడితే వెనక్కి మళ్లడానికే దాని ఉపయోగం. 'నెట్ వద్దు' అన్నది పోషణ ఆగినందువల్ల. 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ విజృంభించినప్పుడు మైక్రోసాఫ్ట్ వారు ఎక్స్‌పీకి కూడా అత్యవసర మందు ఇచ్చారు. ప్రతిసారీ ఇస్తారన్న భరోసా లేదు.

తాత్పర్యం: యజమానికి ఎక్స్‌పీ మీద ప్రేమ లేదు. ఆయనకు కావలసినవి అందులో చిక్కుకున్న అక్షరాలు. కొత్త శుభలేఖలను కూడా పాత ఫాంటులోనే కూర్చుతున్నంతకాలం ఆ చిక్కు అప్పులా రోజూ పెరుగుతుంది. కొత్త పని యూనికోడ్‌లో మొదలుపెట్టి, పాత ఫైలు అడిగినవారు వచ్చినప్పుడల్లా దాన్నీ మార్చి దాచుకుంటూ పోతే తీరుతుంది. సూత్రకారుడు ఈ మాట రాయలేదు; చీటీలో జాగా లేదేమో.

ఫలశ్రుతి: ఈ చీటీని నిత్యం పఠించే కుర్రవాడి ఎలుక చిక్కదు, ర్యామ్ చాలకపోదు. ఎక్స్‌పీ ఫోల్డరును వేరే డిస్కులో దాచినవాడికి పెద్దకూతురి పెళ్లి నాటి ఫైలు చిన్నకూతురి పెళ్లికి పనికొస్తుంది. దాచనివాడు గోత్రాలతో సహా మళ్లీ టైపు చేస్తాడు.