నవలకు తరుగు

మా పెద్దమావయ్య గుడివాడలో రైసుమిల్లు గుమాస్తా. బస్తాలో చెయ్యి దోపి, గుప్పెడు ధాన్యం తీసి, రెండు గింజలు పంటికింద కొరికి "తేమ ఉంది" అనడం ఆయన ఉద్యోగం. ఆ మాటతో ధర తగ్గేది, రైతు మొహం వాడేది. సాయంత్రం అద్దెపుస్తకాల షాపులో కూడా అదే తంతు. నవల మధ్యలో వేలు దూర్చి, అరపేజీ చదివి, పెదవి విరిచేవాడు.

"తేమ ఉందిరా. నాయిక ఏడుపు నాలుగు పేజీలు పోను సస్పెన్సు నికరంగా ఎంత మిగుల్తుంది?"

అయినా అద్దెకు తెచ్చేవాడు. రోజుకో పుస్తకం. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ని "వాడు" అని, మధుబాబు షాడోని "మనవాడు" అని అనేవాడు. ఆ తేడా ఎందుకో ఎప్పుడూ చెప్పలేదు.

ఆయన చదువుతుంటే చూడాలి. పక్కన మిల్లులో వాడిపారేసిన చిట్టా పుస్తకం, చెవిమీద పెన్సిలు. పదిహేడో పేజీలో డ్రాయరులో పిస్తోలు పెడితే అది జమ. చివరిదాకా అది పేలకపోతే ఖర్చు పడనట్టు. "ఈ పిస్తోలు ఏమైంది? ఎవరి ఖాతాలో రాశాడు?" అని అత్తయ్యను నిలదీసేవాడు, ఆవిడే దాన్ని పోపుల డబ్బాలో దాచినట్టు. హంతకుణ్ణి ముప్ఫయ్యో పేజీకే తేల్చేసేవాడు. తేల్చినవాడే అయితే "చంటిపిల్లాడు చెబుతాడు, దీనికి రెండొందల పేజీలా?" కాకపోతే "దగా!" ఈ రెండింటి మధ్య రచయిత నిలబడడానికి చోటెక్కడుందో నాకు ఇప్పటికీ తెలీదు.

పండక్కి బందరు వచ్చేటప్పుడు పాసింజరు బండిలో చదువుకుంటూ వచ్చేవాడు. గుడ్లవల్లేరులో శవం దొరకాలి. కవుతరంలో అనుమానం మొదలవ్వాలి. పెడన వచ్చేసరికి డిటెక్టివు సిగరెట్టు వెలిగించాలి, చిలకలపూడిలో గుట్టు విప్పాలి. ఒకసారి పెడన దాటినా రచయిత నాయకుడి చిన్నతనం చెబుతుంటే ఉండబట్టలేక "ఆ వంటవాడే చంపాడయ్యా, అరెస్టు చెయ్యవేం!" అని గట్టిగా అరిచాడు. ఎదురుసీట్లో ఆయన చేతిలోనూ అదే నవల. పాపం, ఆయనింకా గుడ్లవల్లేరు దగ్గరే ఉన్నాడు.

మావయ్యను ఓడించిన రచయిత ఒక్కరే, యండమూరి. 1980ల మొదట్లో 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వస్తున్న రోజులు. పత్రిక వచ్చే రోజున మావయ్య మిల్లు నుంచి పెందలాడే వచ్చేసేవాడు. పగలంతా తిట్టేవాడు. "చేతబడేమిట్రా! గోరాగారు 1940లో నాస్తిక కేంద్రం పెట్టిన ముదునూరు ఏ జిల్లాదనుకున్నావ్? మనకా ఈ కబుర్లు?" మూఢనమ్మకాలు పెంచుతోందని ఆ నవలను ఎవరు విమర్శించినా ఔనౌనని తలూపేవాడు. రాత్రి తొమ్మిది దాటాక మాత్రం దొడ్లోకి వెళ్లాలంటే అత్తయ్య లాంతరు పట్టుకుని వెంట రావలసిందే.

"ఏవండీ, చేతబడి లేదుగా?" అనేది ఆవిడ, కావాలనే.

"చీకట్లో తేళ్లుంటాయే" అనేవాడు.

అదంతా చేతబడా, మనస్తత్వశాస్త్రమా అన్న ప్రశ్నకు ఆ నవలలో రెండు సమాధానాలకూ చోటుంది. ఒకే పద్దు రెండు ఖాతాల్లో రాస్తే గుమాస్తాకు నిద్ర పడుతుందా? తరువాత 'తులసి' వచ్చినప్పుడు "పాత బాకీ కొత్త పుస్తకంలోకి దించాడు" అని చిరాకుపడుతూనే, అత్తయ్య కంటే ముందు తనే చదివాడు.

అసలు సంగతి ఇంకోటి. షాపు నుంచి తెచ్చిన ఒక డిటెక్టివ్ నవలకు చివరి రెండు కాయితాలు లేవు. మావయ్య మూడురోజులు అన్నం సరిగా తినలేదు. అవనిగడ్డలో ఉన్న తన కూతురి దగ్గర ఆ పుస్తకం ఉందని తెలిసి పామర్రు, చల్లపల్లి, మోపిదేవి మీదుగా, పులిగడ్డ అక్విడక్టు దాటి దివిసీమకు బస్సులో వెళ్లాడు. కూతుర్ని చూడ్డానికి ఎన్నిసార్లు రమ్మన్నా మిల్లులో తీరిక లేదన్న మనిషి! కూతురు మంచినీళ్లు తెచ్చేలోపు చివరి పేజీలు చదివేసి, "మునసబు చంపాడుట, మునసబు!" అని నెత్తి కొట్టుకున్నాడట. ఆయన లెక్కలో హంతకుడు డాక్టరు.

ఆ మధ్యాహ్నం వరండాలో కూర్చుని, తన గుండ్రటి చిట్టా రాతలో ఆ నాలుగు పేజీలూ అక్షరం పొల్లుపోకుండా దించాడు. గుడివాడ వచ్చాక అన్నం మెతుకులతో పుస్తకానికి అంటించి షాపులో ఇచ్చేశాడు. షాపువాడు సంతోషించి రెండురోజుల అద్దె వదులుకున్నాడు.

చాలా ఏళ్ల తర్వాత ఆ షాపు ఎత్తేస్తూ పుస్తకాలు తూకానికి అమ్ముతుంటే ఆ నవల నా కంటబడింది. చివరి పేజీలు తిప్పాను. మావయ్య రాతే. ఒక్క మాట తప్ప అంతా అసలు నవలే. మునసబు ఉండాల్సిన ప్రతిచోటా డాక్టరు ఉన్నాడు. చివర మార్జిన్లో చిన్నగా "లెక్క సరిచేయడమైనది" అని రాసుంది.

దాని కింద ఎవరో గుడివాడ పాఠకుడు వేరే పెన్సిలుతో రాశాడు: "బాగానే ఉంది గానీ, డాక్టరేనని నేను ముందే కనిపెట్టాను."