యూజీసీ వారికి ఆలస్యంగా ఒక అభిప్రాయం

ఢిల్లీ, బహదూర్ షా జఫర్ మార్గ్‌లో కొలువున్న యూజీసీ అధ్యక్షుల వారికి, గుంటూరు పక్కన నల్లపాడు నుంచి ఒక బీఎస్సీ పట్టభద్రురాలు నమస్కరించి వ్రాయునది ఏమనగా.

అయ్యా,

2021 మేలో తమరు ఒక పత్రం విడుదల చేశారు. ఇకమీదట ప్రతి కోర్సులో 40 శాతం వరకు ఆన్‌లైన్‌లో చెప్పుకోవచ్చన్నారు. దానిపై అభిప్రాయాలు జూన్ 6లోగా పంపమన్నారు. అప్పుడు కరోనా రెండో వేవ్. జనం ఆక్సిజన్ కోసం, ఆసుపత్రిలో పడక కోసం తిరుగుతున్నారు. అందుకని కాస్త ఆలస్యమైంది, మన్నించాలి.

ఆ 40 తమకెలా తట్టిందో గానీ, కరోనా కాలపు ఆన్‌లైన్ క్లాసుల్లో మాకు తెలిసిన 40 మాత్రం జూమ్ వాడు ఉచితంగా ఇచ్చే 40 నిమిషాలే. అందులో సగం "వినపడుతోందా?" అనడానికీ, హాజరుకీ పోయేది. మిగతా సగంలో తమ్ముడి ఇంటర్ క్లాసు మొదలయ్యేది. ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను. ప్యాసింజర్ రైళ్లు 2020 మార్చిలోనే ఆపేశారు గానీ, నల్లపాడు జంక్షన్‌లో గూడ్సు బళ్లు ఆగలేదు. నేను మైకు ఆన్ చేస్తే చాలు, "రైల్లో ఉన్నదెవరమ్మా?" అనేవారు మాస్టారు.

అలాగని ఆన్‌లైన్ చదువు మొత్తం తాలు సరుకు అనను. మా మిర్చి యార్డులో వ్యాపారి మిర్చి టిక్కీ (బస్తా) విప్పి, కాయ చేత్తో తీసి, రంగూ తేమా చూసి గాని ధర చెప్పడు. తమరు విప్పకుండానే 40 అన్నారు కాబట్టి మేమే విప్పి చూపిస్తాం. రికార్డు చేసి పెట్టిన పాఠం మేలురకం. పగలు మిరపకోతకు పోయినవాళ్లు రాత్రి డేటా మిగిలితే విన్నారు. అర్థంకాని చోట వెనక్కి జరుపుకుని మళ్లీ విన్నారు. క్లాసులో లేచి "మళ్లీ చెప్పండి సార్" అనలేని పిల్లలకు అంతకన్నా ఏం కావాలి? లైవ్ క్లాసు రెండో రకం. ల్యాబు మాత్రం అచ్చంగా తాలు. బ్యూరెట్ నుంచి చుక్క పడి ద్రావణం గులాబీ రంగుకు తిరగడం ఫోన్లో చూసి మార్కులు తెచ్చుకున్నాం. ఆ మార్కులు చూసి మాకు ఉద్యోగాలిచ్చే ఫార్మా కంపెనీ మందులు నేనైతే వేసుకోను.

ఫీజు పైసా తగ్గలేదు. ప్రభుత్వం ఫీజు కోసం ఇచ్చిన విద్యా దీవెన డబ్బు ఖాతాలో పడ్డాక, "గేటుకు తాళమేసిన కాలేజీకి ఫీజేంటే?" అంది మా అమ్మ. ఆ ప్రశ్న తమకే పంపుతున్నాను.

పాఠాలు రికార్డు చేయించి, తెలుగులో కూడా పెట్టించండి. ల్యాబులను ఆ 40 శాతంలోంచి తీసేయండి. మళ్లీ అభిప్రాయం అడిగేటట్టయితే తెలుగులో అడగండి.

ఇట్లు,
తమ విధేయురాలు