ఓడిపోని మేయరు

ఇంగ్లండ్ ఈశాన్య తీరంలో, ఉత్తర సముద్రం ఒడ్డున హార్టిల్‌పూల్ అని ఒక ఊరుంది. ఒకప్పుడు ఓడలు కట్టి ప్రపంచానికి పంపిన ఊరు. 1960ల మొదట్లో ఓడల యార్డు మూతపడింది. తండ్రులు చేసిన పని కొడుకులకు దొరక్కుండా పోయింది. దక్షిణాన సీటన్ కేర్యూ అనే ఇసుక తీరం ఉంది కాబట్టి ఎండ కాసిన రోజున పిల్లల్ని వెంటేసుకుని జనం వస్తారు. సాయంత్రానికి గాలి కోతపెడుతుంది, అందరూ ఇళ్ళకు మళ్ళుతారు.

అక్కడ పార్లమెంటు ఎన్నికంటే చాలాకాలం లేబర్ పార్టీ టికెట్టు ఎవరికి అన్నదే ప్రశ్నగా ఉండేది. 1974లో నియోజకవర్గం ఏర్పడింది మొదలు 2021 ఉపఎన్నిక దాకా మరో పార్టీ గెలవలేదు. ఈ కథ మొదలైన 2002లో ఎంపీ పీటర్ మాండెల్సన్. ప్రధాని టోనీ బ్లెయిర్‌కు కుడిభుజం లాంటివాడు.

ఆ బ్లెయిర్ ప్రభుత్వానికి ఒక బెంగ పట్టుకుంది. కౌన్సిల్ ఎన్నికలంటే జనానికి లెక్కలేదు. నూటికి ముప్పై మంది ఓటేస్తే అదే ఎక్కువ. కౌన్సిలర్లు కమిటీల్లో కూర్చుని ఏదో తేల్చుకుంటారు. మెడలో బంగారు గొలుసు వేసుకుని రిబ్బన్లు కత్తిరించే మేయరుకు అధికారం ఉండదు. మరి రోడ్డు గుంతకూ బడి కప్పుకూ జవాబు చెప్పేదెవరో మామూలు మనిషికి తెలీదు. జనమే నేరుగా మేయర్ని ఎన్నుకుని, అతని చేతికి నిజమైన అధికారం ఇస్తే ఓటర్లు కదిలివస్తారని ఆశపడి 2000లో చట్టం చేశారు. ఏ ఊరికి ఆ ఊరు రెఫరెండం పెట్టుకోవాలి. చాలా ఊళ్ళు వద్దన్నాయి. హార్టిల్‌పూల్ 2001 అక్టోబరులో, మొగ్గు అటో ఇటో అన్నంత స్వల్ప తేడాతో, సరేనంది.

2002 మే 2న ఎన్నిక. పోటీదారుల్లో 28 ఏళ్ళ స్టువర్ట్ డ్రమండ్ ఒకడు. కాల్ సెంటర్‌లో ఉద్యోగి, రాజకీయానుభవం సున్నా. శనివారాలు మాత్రం అతనికి ఇంకో పని ఉండేది. హార్టిల్‌పూల్ యునైటెడ్ ఫుట్‌బాల్ ఆటలప్పుడు కోతి వేషం కట్టి, నీలం తెలుపు చారల చొక్కా తొడిగి, మైదానం అంచున గంతులేసేవాడు. ఆ కోతి పేరు హ్యాంగస్. పోటీకి దిగింది కూడా ఆ వేషంలోనే. క్లబ్బుకు కాస్త ప్రచారం వస్తుందని ఆలోచన. నినాదం ఒక్కటే: బడి పిల్లలందరికీ ఉచితంగా అరటిపళ్ళు.

కోతే ఎందుకంటే, ఆ ఊరికి రెండు వందల ఏళ్ళుగా ఒక మచ్చ ఉంది. నెపోలియన్ యుద్ధాల కాలంలో తీరం దగ్గర ఒక ఫ్రెంచి ఓడ మునిగిందట. బతికి ఒడ్డుకు చేరింది ఓడలోని కోతి ఒక్కటే. దానికి నావికులు సరదాగా సైనిక దుస్తులు తొడిగి ఉన్నారు. ఫ్రెంచివాణ్ణి ఎన్నడూ చూసి ఎరగని జాలర్లు దాన్ని గూఢచారి అనుకుని, ఇసుక మీదే విచారణ జరిపి, జవాబు చెప్పలేదని ఉరితీశారని కథ. నిజంగా జరిగిందనడానికి ఆధారం లేదు. అయినా ఎదుటి జట్ల అభిమానులు కోతిని ఉరితీసిందెవరని అరిచి ఏడిపిస్తూనే వచ్చారు. చివరికి ఆ ఊరివాళ్ళే కోతిని తమ జట్టు గుర్తుగా నెత్తిన పెట్టుకున్నారు. వెక్కిరింతను ఇలా సొంతం చేసుకోవడానికి ఎంత దిటవు గుండె కావాలో, పేదరికం వల్లో పుట్టుక వల్లో నలుగురిలో నవ్వులపాలైన వాళ్ళకు చెప్పక్కర్లేదు.

ఆ ఎన్నికలో ఓటు చీటీ మీద రెండు నిలువు గళ్ళుండేవి. మొదటి గడిలో అందరికన్నా నచ్చినవాడికి ఒక క్రాస్ (X) గుర్తు, రెండో గడిలో ఆ తర్వాత నచ్చినవాడికి ఇంకోటి. సగం పైన ఎవరికీ రాకపోతే మొదటి ఇద్దర్నీ ఉంచి మిగతావాళ్ళని తప్పించేవారు. తప్పించినవాళ్ళ చీటీల్లో రెండో గుర్తు ఈ ఇద్దరిలో ఎవరికుంటే వాళ్ళకు కలిపేవారు. లెక్క ముగిసేసరికి లేబర్ అభ్యర్థి మీద డ్రమండ్ వెయ్యిలోపు తేడాతో గెలిచాడు. మాండెల్సన్ ఊళ్ళో, బ్లెయిర్ కనిపెట్టిన పదవిలో, కోతి వేషగాడు కూర్చున్నాడు.

దేశం పగలబడి నవ్వింది. బాధ్యత లేని ఓటు అన్నారు, ప్రజాస్వామ్యానికి అవమానం అన్నారు. నేను ఒప్పుకోను. ఎవరికి ఓటేసినా తమ బతుకు మారదని తేల్చుకున్న మనిషి ఇంట్లో కూర్చుంటాడు. వీళ్ళు గడప దాటారు, క్యూలో నిలబడ్డారు, పెన్సిల్ పట్టుకుని గుర్తు పెట్టారు. మీరెవరూ మాకు అక్కర్లేదని పెద్ద పార్టీలకు చెప్పడానికి వాళ్ళకు దొరికిన ఒకే ఒక్క దారి అది.

గెలిచాక డ్రమండ్ కోతి తలకాయ పక్కన పెట్టేశాడు. వేషం ఇంకొకరికి అప్పగించి, కోటు వేసుకుని ఆఫీసుకు వెళ్ళాడు. అక్కడ ఆయన పరిస్థితి తలచుకుంటే ఇప్పటికీ నాకు జాలేస్తుంది. ఏ పార్టీ మనిషీ కాడు కాబట్టి కౌన్సిల్లో నావాడు అని చెప్పుకోవడానికి ఒక్క సభ్యుడూ లేడు. చట్టం ప్రకారం మేయరు బడ్జెట్‌ను కౌన్సిల్ మార్చాలంటే మూడింట రెండు వంతుల మంది కలవాలి. ఆ మాత్రం రక్షణ తప్ప మిగతాదంతా ఒప్పించి చేయించుకోవలసిందే. వృద్ధుల సంరక్షణ, బడులు, చెత్త బళ్ళు, వీధి దీపాలు అన్నీ ఆ కౌన్సిల్ బాధ్యతే. వాటిలో ఏ ఒక్క దాని గురించీ ఆయనకు ముందుగా తెలీదు. కూర్చుని నేర్చుకున్నాడు. ఫైళ్ళు చదివాడు, అధికారుల్ని అడిగాడు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టే అవుతుందని కాచుక్కూర్చున్నవాళ్ళకు ఆ ముచ్చట తీరలేదు. ఇక అరటిపళ్ళంటారా, 2004 చివరికల్లా ప్రభుత్వమే ఇంగ్లండ్ అంతటా చిన్న తరగతుల పిల్లలకు బడిలో రోజుకో పండో కాయో ఇచ్చే పథకం అమల్లో పెట్టింది. నవ్వించిన నినాదంలో పనికొచ్చే మాట ఉందన్నమాట.

2005లో మళ్ళీ ఎన్నికొచ్చింది. ఈసారి వేషం లేదు, నినాదాల్లో పళ్ళూ లేవు. పార్లమెంటు ఎన్నిక కూడా అదే రోజు కావడంతో జనం బాగా వచ్చారు. ఆయన మెజారిటీయే 10 వేలు దాటింది. 2009లో పోటీ గట్టిగా నడిచినా మళ్ళీ ఆయనే. బ్రిటన్‌లో జనం నేరుగా ఎన్నుకున్న మేయర్లలో మూడోసారి గెలిచిన మొదటి మనిషి, దేశమంతా కోతి అని నవ్విన ఈ డ్రమండే. ఆయన మేయరుగా ఉండగానే 2010 ఆగస్టులో టాల్ షిప్స్ పందెం ముగింపు హార్టిల్‌పూల్‌లో జరిగింది. పాతకాలపు తెరచాప ఓడలు బారులు తీరి రేవులోకి వచ్చాయి. లక్షల మంది చూడ్డానికి తరలివచ్చారు. ఓడలు కట్టడం మానేసి యాభై ఏళ్ళు కావస్తున్న ఊరికి ఆ వారం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

పెద్ద పార్టీలు మూడుసార్లు అభ్యర్థుల్ని నిలబెట్టి చూశాయి. ఎవరి వల్లా కాలేదు.

2012 నవంబరు 15న హార్టిల్‌పూల్‌లో మళ్ళీ పోలింగు జరిగింది. చీటీ మీద డ్రమండ్ పేరు లేదు. ఆ మాటకొస్తే ఏ అభ్యర్థి పేరూ లేదు. ఉన్నది ఒక ప్రశ్న: ఊరిని నడిపేది జనం ఎన్నుకున్న మేయరు కావాలా, కౌన్సిలర్ల కమిటీలు కావాలా? అదే రోజు ఇంగ్లండ్, వేల్స్‌లో కొత్తగా పెట్టిన పోలీసు కమిషనర్ పదవులకూ ఎన్నిక. చలికాలం, తొందరగా పడే చీకటి. దేశం మొత్తం మీద నూటికి పదిహేను మందే కదిలారు. హార్టిల్‌పూల్‌లోనూ ఐదుగురిలో నలుగురికి పైగా ఇల్లు కదల్లేదు. మేయరు ఉండాలన్నవి 5 వేల పైచిలుకు ఓట్లు. కమిటీలే కావాలన్నవి 7 వేల పైచిలుకు.

2005లో డ్రమండ్‌కు వచ్చిన మెజారిటీ అంతమంది కూడా ఇందుకు అక్కర్లేకపోయింది. 2013 మేలో కమిటీలు తిరిగొచ్చాయి, పదవి రద్దయింది. జనాన్ని ఓటుకు రప్పించడానికని పుట్టించిన ఆ పదవికి హార్టిల్‌పూల్‌లో జరిగినవి మొత్తం మూడే ఎన్నికలు. మూడింట్లోనూ గెలిచింది ఒక్కడే. ఆయన్ని ఓడించిన అభ్యర్థి ఆ ఊళ్ళో ఒక్కడూ లేడు.