పఠనమూర్తిగారు ప్రస్తుతం చదువుతున్న పుస్తకం

పఠనమూర్తిగారికి తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది. ఆధార్ కార్డులోనూ పెన్షన్ కాగితాల్లోనూ తప్ప అది ఇప్పుడెక్కడా వాడకంలో లేదు. దారిలో ఎదురుపడి "ఏం మూర్తిగారూ, బావున్నారా?" అంటే అందరిలా మోకాళ్ళ నొప్పుల గురించో, అమెరికాలో ఉన్న మనవరాలి గురించో చెప్పరు. "ఏం బాగులెండి, ప్రస్తుతం వేయిపడగలు చదువుతున్నాను" అంటారు. కూరగాయల బండి అబ్బాయి అడిగినా అదే జవాబు. పళ్ళ డాక్టరు నోరు తెరిపించి "కింది పన్నేనా?" అని అడిగితే, నోట్లో దూదితోనే విశ్వనాథవారి ప్రస్తావన తేబోయారట.

ఆ "ప్రస్తుతం" మొదలై ఇది మూడో ఏడు. విశ్వనాథ ఆ నవలని 29 రోజుల్లో ఆశువుగా చెబుతూ పోతే తమ్ముడు వేంకటేశ్వర్లుగారు రాసిపెట్టారని ప్రసిద్ధి. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పోటీలో అడివి బాపిరాజు 'నారాయణరావు'తో కలిసి బహుమతి పంచుకుంది. పి.వి. నరసింహారావు దాన్ని 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి దించారు. అంత రాజకీయంలో మునిగి ఉన్న మనిషికి అనువదించడానికి చిక్కిన తీరిక, రిటైరై ఇంట్లో కూర్చున్న మూర్తిగారికి చదవడానికి చిక్కలేదు. ఈ వివరాలన్నీ నాకు మూర్తిగారే చెప్పారు. నవలలో ఏముందో తప్ప నవల గురించి ఆయనకి తెలియనిది లేదు.

ఇంత పరిజ్ఞానం ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, ముందుమాటల్లోంచి. తెలుగు పుస్తకానికి అసలు విషయం మొదలయ్యేలోగా ఒక ముందుమాట, ఒక ఆప్తవాక్యం, ప్రచురణకర్తల విన్నపం, మలిముద్రణకి మరో నాలుగు మాటలు, చివరికి రచయిత "నా మాట", ఆపైన అందరికీ కృతజ్ఞతలు ఉంటాయి కదా. మనలాంటివాళ్ళం అవి దాటేసి కథలోకి దూకుతాం. మూర్తిగారు వాటిని పెన్సిలుతో గీతలు గీసుకుంటూ చదివి, కథ దగ్గరికొచ్చేసరికి అలిసిపోతారు. పుస్తకానికి డీటీపీ చేసింది ఎవరో, అట్టమీద బొమ్మ ఎవరు వేశారో, రచయిత ఏ మేనమామకి అంకితమిచ్చారో అడగండి, ఠక్కున చెబుతారు. ముందుమాటల మీద పరీక్ష పెట్టే విశ్వవిద్యాలయం ఏదైనా ఉంటే ఆయనకి బంగారు పతకం ఖాయం.

ఇక ఫొటో సంగతి. రోజూ పొద్దున్న ఆరున్నరకి వాట్సాప్ స్టేటస్‌లో ఒక బొమ్మ పడుతుంది. బాల్కనీలో కేన్ కుర్చీ, కుర్చీ పక్కన స్టూలు, స్టూలు మీద స్టీలు గ్లాసులో పొగలు కక్కే కాఫీ, దాని పక్కన తెరిచిపెట్టిన పుస్తకం, ఆ పుస్తకం మీద కళ్ళజోడు. కళ్ళజోడు పుస్తకం మీదుంటే మూర్తిగారు దేంతో చదువుతున్నారని వాళ్ళ కోడలు ఒకసారి అమాయకంగా అడిగిందట. ఆ రోజు నుంచి కళ్ళజోడు స్థానంలో ఒక మందార పువ్వు వస్తోంది. ఆ పొగలు పోయేదాకా కోణాలు మార్చి మార్చి ఫొటోలు తీస్తారు కాబట్టి ఆయనకి వేడి కాఫీ తాగే యోగం లేదు. వాళ్ళావిడ, అంటే మా వదినగారు, రెండోసారి కాచి ఇస్తారు. ఆ రెండో గ్లాసు వచ్చేసరికి స్టేటస్ ఎవరెవరు చూశారో లెక్కపెట్టే పనిలో ఉంటారు. చదువు మర్నాటికి వాయిదా.

మా కాలనీలో పుస్తకాలంటే ఇష్టమున్నవాళ్ళం కొందరం నెలకోసారి, రెండో ఆదివారం సాయంత్రం, ఒకరింటి మేడమీద చేరతాం. ప్రస్తుతం ఏం చదువుతున్నారో వరసగా ఒక్కొక్కరూ చెప్పాలి. నియమం అంతే. మిగతాది మిరపకాయ బజ్జీలు. ఈ వరసలో కూర్చుంటే మనుషుల తత్వం ఇట్టే బయటపడుతుంది. కిండిల్లో చదివే ఐటీ కుర్రాడు పుస్తకం పేరు కంటే ముందు శాతం చెబుతాడు: "నలభై ఏడయిందంకుల్." వాకింగ్ చేస్తూ చెవిలో పెట్టుకుని వినే రిటైర్డ్ ఇంజినీరుగారు కిలోమీటర్లలో చెబుతారు. మా కవిగారున్నారు, ఆయన ఏ నెల అడిగినా "నా కొత్త సంపుటి ప్రూఫులు చదువుతున్నాను" అంటారు. ఇతరుల పుస్తకాల మీదికి ఆయన దృష్టి ఇంకా మళ్ళలేదు. ఇంకొకావిడ చదివిన నవలని మొదటి నుంచి చివరిదాకా, ఏడ్చాల్సిన చోట ఏడుస్తూ చెబుతారు. పుస్తకం పేరడిగితే మాత్రం "నీలం అట్టండీ" అంటారు. నిజం చెప్పాలంటే ఆ గుంపులో అసలు సిసలు పాఠకురాలు ఆవిడే.

మూర్తిగారి వంతు చివర. అదీ ఆయన ఎంచుకున్నదే. ముందు అందరివీ విని, ఎవరు ఏ పుస్తకం పేరెత్తినా "అబ్బ, మంచి పుస్తకమండీ. నేను మళ్ళీ చదువుతున్నాను" అంటారు. ఈ "మళ్ళీ" అన్నది గమనించాలి. కన్యాశుల్కం, మైదానం, అసమర్థుని జీవయాత్ర, మహాప్రస్థానం... ఇలాంటివి మొదటిసారి చదువుతున్నానని తెలుగుదేశంలో యాభై దాటిన మగవాడు ఎవరూ చెప్పగా నేను వినలేదు. అందరూ మళ్ళీ చదివేవాళ్ళే. ఆ మొదటిసారి ఎప్పుడు జరిగిందని ఆరా తియ్యడం సంస్కారం కాదు.

పోయిన నెల మా లెక్చరరమ్మాయి 'అంపశయ్య' ఎత్తింది. మూర్తిగారు యథాప్రకారం కళ్ళు మూసుకుని తలాడించారు. ఆ పిల్ల తుంటరిది.

"అంతా బావుంది కానంకుల్, చివర్లో రవి ముసలితనం గురించి రాసిన భాగమే నాకు అతకలేదనిపించింది."

మూర్తిగారు కళ్ళు తెరిచారు. ఒక బజ్జీ తీసుకుని, తుంచి, సగం తిని, నిదానంగా అన్నారు: "అవునమ్మా. అక్కడ నవీన్ కాస్త తొందరపడ్డాడు."

చదవనివారి కోసం చెబుతున్నా. 1969లో వచ్చిన ఆ నవల ఉస్మానియా యూనివర్సిటీ హాస్టల్లో ఉండే రవి అనే విద్యార్థి ఒక్క రోజు జీవితం. పొద్దున్న లేచింది మొదలు అతని బుర్రలో ఏం తిరుగుతోందో అదే కథంతా. ఆ పుస్తకమే తన ఇంటిపేరైపోయి రచయిత అంపశయ్య నవీన్ అయ్యారు. ఒక్క రోజులో రవికి ముసలితనం ఎలా వస్తుందని ఎవరమూ అడగలేదు. కవిగారైతే "నాకూ అలాగే అనిపించింది" అన్నారు. లెక్చరరమ్మాయి దగ్గొచ్చినట్టు చున్నీ నోటికడ్డం పెట్టుకుని మెట్లు దిగిపోయింది.

మూర్తిగారి దగ్గర ఇలాంటి మాటలు పది పన్నెండు సిద్ధంగా ఉంటాయి. "శిల్పం బావుంది కానీ వస్తువు దగ్గర పట్టు సడలింది." "ఆయన తొలి రచనల్లో ఉన్న ఆర్ద్రత ఇందులో లేదు." "అనువాదం పరవాలేదు, అయినా మూలం చదవాలండీ." ఈ మూడో మాట చాలా పదునైంది. స్పానిష్ నవల అయినా, రష్యన్ నవల అయినా అవతలివాడి నోరు మూతపడుతుంది. మార్క్వెజ్‌ని మూలంలో చదవాలని మూర్తిగారు అంటే, ఆయనకి స్పానిష్ వచ్చేమోనని ఒకరిద్దరు కొత్తవాళ్ళు భయపడ్డారు కూడా.

ఆయన గుట్టు పూర్తిగా తెలిసిన మనిషి వదినగారు ఒక్కరే. వేయిపడగల్లో మూర్తిగారు గుర్తుకోసం పెట్టుకున్నది ఎవరిదో పెళ్ళి శుభలేఖ ముక్క, మూలకి పసుపు అంటినది. అది 37వ పేజీలో స్థిరనివాసం ఏర్పరచుకుంది. మధ్యాహ్నం ఆయన కునుకు తీసినప్పుడు వదినగారు అదే పుస్తకం తీసి చదవడం మొదలుపెట్టారు. సీరియళ్ళు విసుగొచ్చి మొదలెట్టానన్నారు. నాలుగు రోజులయ్యేసరికి ధర్మారావునీ, అరుంధతినీ, సుబ్బన్నపేటనీ వదల్లేకపోయారట. తను ఆపినచోట గుర్తుండాలి కదా, ఆ శుభలేఖ ముక్కనే ముందుకి జరుపుతూ పోయారు.

ఒకరోజు పొద్దున్న మూర్తిగారు ఫొటో కోసం పుస్తకం తెరిస్తే శుభలేఖ 212లో ఉంది. ఆయన ఒక్క క్షణం కూడా తడబడలేదు. కుర్చీలో వెనక్కి వాలి, రెండు వాక్యాలు చదివి, ఆ రోజు స్టేటస్ కింద ఇలా రాశారు: "వేయిపడగలు. ఇక్కణ్ణుంచి కథ ఊపందుకుంది." మరో రెండు వారాలకి శుభలేఖ 480 దాటింది. "విశ్వనాథ విజృంభణ!" అని పెట్టారు. ఇంత వేగంగా చదువుతున్నందుకు గుంపులో అందరూ చప్పట్లు కొట్టారు. వదినగారు చప్పుడు చెయ్యకుండా బజ్జీలు వడ్డించారు. నాకీ సంగతి ఆవిడే, ఆయన వినకుండా వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పారు. "ఇంకో వారంలో అయిపోతుందండీ అన్నయ్యగారూ. ఆయనకి తరవాత ఏం పెట్టమంటారు?" అని నన్నే అడిగారు. చిన్న పుస్తకం పెట్టండి, అల్పజీవి బావుంటుందన్నాను. మూర్తిగారి శ్రమ కూడా తగ్గుతుంది.

ఒకప్పుడు ఎవరేం చదువుతున్నారో ప్రకటించుకోవాల్సిన పని ఉండేది కాదు. వీధి చివర అద్దె పుస్తకాల షాపు ఉండేది. యద్దనపూడి, యండమూరి, మల్లాది, కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్... ఏది ఎవరింట్లో ఉందో షాపతను నోట్లోనే లెక్క చెప్పేవాడు. మీరు చదువుతున్నారంటే మీ వెనక నలుగురు కాచుకుని ఉన్నారన్నమాట. రోజు దాటితే మళ్ళీ అద్దె కాబట్టి ఎవరూ 37వ పేజీలో కాపురం పెట్టేవాళ్ళు కాదు. అట్ట చిరిగిపోయి, దారంతో కుట్టి, బైండింగ్ వేసిన ఆ పుస్తకాల్లో ముందు చదివినవాళ్ళ అభిప్రాయాలు కూడా ఉండేవి. అపరాధ పరిశోధన నవల మొదటి పేజీలోనే "హంతకుడు డాక్టరు" అని పెన్సిలుతో రాసిపెట్టే మహానుభావులకి చేతులు పడిపోవాలని మా పెద్దక్క శాపాలు పెట్టేది. గ్రంథాలయాల్లో ఇంకో పద్ధతి. పుస్తకం వెనకట్ట లోపల అతికించిన కాగితం మీద తారీఖుల ముద్రలు. 1901లో హైదరాబాదులో పెట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1918లో వేటపాలెంలో పుట్టిన సారస్వత నికేతనం లాంటి చోట్ల ఎన్ని తరాలు పుస్తకాలు మార్చుకున్నాయో! అక్కడ కూర్చుని చదివినవాళ్ళలో కాఫీ పక్కన ఫొటో దిగినవాళ్ళు లేరు. కెమెరా లేక దిగలేదు లెండి, ఉంటే వాళ్ళూ దిగేవారేమో. వాళ్ళలోనూ మూర్తులు ఉండే ఉంటారు. జేబులోంచి పుస్తకం అట్ట నలుగురికీ కనపడేలా పెట్టుకుని తిరిగినవాళ్ళని మా నాన్నగారి తరం కూడా ఎరుగును.

ఇంతా చెప్పి మూర్తిగారి మీద నాకు కోపముందనుకునేరు. లేదు. ఎందుకంటే ఆయన కొంటారు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద గొంతుక్కూర్చుని పాత పుస్తకాలు ఏరుతారు. డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తక ప్రదర్శన పెడితే రెండు సంచులతో వెళ్ళి రెండూ నింపుకొస్తారు. మనసు ఆగక జనవరి ఒకటో తారీఖున విజయవాడ పుస్తక మహోత్సవానికి రైలెక్కుతారు. కొత్త రచయిత మొదటి కథల పుస్తకం కనపడితే అట్ట తిప్పి, ముందుమాట ఎవరు రాశారో చూసి, బేరం చెయ్యకుండా తీసుకుంటారు. చదివే మేమందరం ఏం చేస్తాం? "మూర్తిగారూ, మీదయిపోయాక ఓసారి ఇస్తారా?" అంటాం. ఆయన ధారాళంగా ఇచ్చేస్తారు. "పట్టుకెళ్ళండి, నేను మళ్ళీ చదువుతాను" అంటారు. మా మేడమీద నెలనెలా జరిగే చర్చలో సగం పుస్తకాలు ఆయన డబ్బుతో కొన్నవే. ఏడ్చే ఆవిడ చదివిన నీలం అట్ట పుస్తకం కూడా ఆయన బీరువాలోదే. వెయ్యి కాపీలు వేసి, ఆ వెయ్యి ఎప్పటికి కదులుతాయా అని చూసుకునే తెలుగు ప్రచురణకర్తకి, బీరువాలు నింపే మూర్తిగారిలాంటి మనిషి చేసే మేలు, అరువు తెచ్చుకుని ఆసాంతం చదివే నాలాంటివాడు చెయ్యలేడు. ఈ ఒక్క విషయంలో మూర్తిగారు మా అందరికంటే పెద్ద పాఠకులని నా అభిప్రాయం. వదినగారు ఒప్పుకోకపోవచ్చు. ఆవిడకి బీరువా దుమ్ము దులిపే పని ఉంది.

కాబట్టి వచ్చే డిసెంబరులో పుస్తక ప్రదర్శనకి వెళ్ళినప్పుడు, బిల్లు దగ్గర రెండు సంచుల మనిషి, చేతిలో లావుపాటి నవలతో నిలబడి, పక్కవాడికి దాని గురించి గొప్పగా చెబుతూ కనపడితే, దయచేసి కథేమిటని అడక్కండి. పోయినేడు కొన్నవి పూర్తిచేశారా అని అసలే అడక్కండి. ముందు ఆయన్ని బిల్లు కట్టనివ్వండి.